లంచ్ తర్వాత తీసిన సీన్లు

పోయిన నెల ఒక ఉదయం మా సీరియల్ వాట్సాప్ గ్రూపులో ఒక కబురు వచ్చింది. సీరియల్ ముగిసి రెండేళ్లు దాటినా గ్రూపు మాత్రం బతికే ఉంది. పండగలకి దీపాల బొమ్మలు, పుట్టినరోజులకి కేకుల బొమ్మలు పెట్టుకుంటూ ఉంటాం. ఆ కబురులో ఒకావిడ పేరు ఇంటిపేరుతో సహా రాసి, పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్నావిడ కూర్చున్నట్టే పోయారని పెట్టారు. ఎవరూ పలకలేదు. చాలాసేపటికి చిన్నకోడలి వేషం వేసిన అమ్మాయి, "సారీ అండీ, వీరెవరు?" అని అడిగింది. అప్పుడు మా కెమెరామన్ రాశాడు: "మన కంటిన్యుటీ అక్క." ఆ మాట పడ్డాక చేతులు జోడించిన బొమ్మలు సాయంత్రం దాకా వస్తూనే ఉన్నాయి.

నాకూ ఆవిడ పూర్తి పేరు ఆ కబురు చూసేదాకా తెలియదు. నాలుగేళ్లు ఒకే ఇంట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కలిసి పనిచేసి కూడా తెలియదు. సిగ్గుపడాల్సిన సంగతే, పడుతున్నాను. ఇప్పుడు తెలిసింది కదా అని ఇక్కడ రాసేయడం సబబనిపించడం లేదు. అందరం అక్క అన్నాం, నేనూ అక్క అనే అంటాను. నేను ఇవాళ బతికుండి, రెండు పూటలా కడుపునిండా తిని, శ్రీనగర్ కాలనీలో మా బాల్కనీలో కూర్చుని ఇది రాస్తున్నానంటే అది ఆవిడ వల్లే. మలుపు ముందే చెప్పేశానని అనుకోకండి. నొప్పి తప్ప ఇంకేదీ దాచడం నాకు చేతకాదు.

మా సీరియల్ ఫిల్మ్ నగర్ లో ఒక ఎత్తు రోడ్డు మీద అద్దెకు తీసుకున్న బంగళాలో జరిగేది. కింద హాలు మా ఇల్లు. మేడ మీద గదులు మా శత్రువుల ఇల్లు. వెనక గదికి పచ్చ తెరలు కడితే ఆసుపత్రి. సీన్లు వరసగా తీయరు. హాల్లో లైట్లు పెట్టిన రోజు హాలు సీన్లన్నీ లాగేస్తారు, అవి ఏ ఎపిసోడ్ వైనా సరే. పెళ్లయ్యాక పిల్ల నవ్వే సీను పొద్దున తీసి, పెళ్లికి ముందు ఏడ్చే సీను మధ్యాహ్నం తీస్తారు. టీవీలో చూసేవాళ్లకి మాత్రం అంతా ఒక్క గుక్కలో జరిగినట్టుండాలి. ఎడమ చేతిలో గ్లాసు పట్టుకుని గుమ్మం దాటిన మనిషి అవతల తేలేసరికి గ్లాసు కుడిచేతిలో ఉండకూడదు. అదంతా చూసి, రాసి, గుర్తు పెట్టుకోవడమే కంటిన్యుటీ. మా యూనిట్లో ఆ పని అక్కది.

కొంగు నడుముకి దోపుకుని, మెడలో దారానికి ఎర్ర పెన్నూ నీలం పెన్నూ కట్టుకుని, పొడుగాటి రూళ్ల పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగేది. కళ్లద్దాలు నుదుటి మీద ఉండేవి. ప్రతి షాటుకీ ముందూ వెనకా ఫోన్లో ఫొటో తీసేది. మాలో ఎవరినీ పేరుతో పిలిచేది కాదు. "ఓ విలన్ అత్తా, ముక్కుపుడక గాడ పెట్టినవేంది, నిన్న ఎడమ దిక్కుండె" అనేది. ఆ విలన్ అత్త బయట ఎంత పెద్ద పేరున్న నటి అయినా సరే, గబగబా ముక్కుపుడక మార్చుకునేది. కెమెరా ముందు నేను "మామ"ని, కెమెరా ఆగితే "అన్న"ని. నేనేమో ఆవిణ్ని అక్కా అనేవాణ్ణి. మా ఇద్దరిలో ఎవరు పెద్దో ఎప్పుడూ తేల్చుకోలేదు.

"కథ యాడికన్న పోనీ, గుండీ మాత్రం కదలొద్దు" అన్నది ఆవిడ సిద్ధాంతం. కథలు ఎక్కడెక్కడికి పోయాయో చెబితే మీరు నవ్వుతారు. చచ్చిపోయినవాళ్లు తిరిగొచ్చారు, ఒకే పిల్లకి ఇద్దరు తండ్రులు తేలారు. అక్క వాటి జోలికి పోలేదు. తిరిగొచ్చిన చచ్చిపోయినవాడి వాచీ ఏ చేతికుందో అది మాత్రం చూసింది. సొంత మేనకోడలి పెళ్లిలో తలంబ్రాలు పోసుకుంటుండగా మధ్యలోకి వెళ్లి, "జీలకర్రబెల్లం అప్పుడు ఎడమ చేతికి పన్నెండు గాజులుండె, ఇప్పుడు పదకొండే ఉన్నయి" అని పెళ్లికూతుర్ని ఆపిందట. వెతికితే ఆ గాజు ముక్క పట్టుచీర మడతల్లో దొరికింది. గుచ్చుకుంటే పిల్ల పాదం తెగేది. ఈ సంగతి ఆవిడే మాకు చెప్పింది, కాస్త గర్వంగానే.

ఇక నా సంగతి. ఇరవై ఏళ్లు నేను గుంపులో ఒకడిగా బతికాను. పెళ్లి సీన్లో పురోహితుడి పక్కన నిలబడ్డవాణ్ణి, పంచాయితీ సీన్లో తల ఊపినవాణ్ణి. యాభై దాటాక ఈ సీరియల్లో ముగ్గురు కోడళ్ల మామగారి వేషం దక్కింది. ఎపిసోడ్ కి కనీసం నాలుగు డైలాగులు. మా ఆవిడ మొదటి వారం ప్రతి ఎపిసోడూ రెండేసి సార్లు చూసింది. జూబ్లీహిల్స్ చెక్ పోస్టు దగ్గర సిగ్నల్ పడితే పక్క కారులోవాళ్లు అద్దం దించి "మామగారూ!" అని పిలిచేవారు. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి అనిపించేది.

మామగారికి ఒక మేనరిజం ఉండేది. కోపం వస్తే ఎడమ అరచెయ్యి పొట్ట పైభాగాన, పక్కటెముకలు కలిసే చోట, గట్టిగా అదిమిపెట్టి, పళ్లు బిగించి, ఒక్క క్షణం ఆగి మాట్లాడేవాడు. జనానికి అది తెగ నచ్చింది. పెళ్లిళ్లలో నా పక్కన నిలబడి, అందరూ పొట్టమీద చెయ్యి పెట్టుకుని ఫొటోలు దిగేవారు. అది ఎలా పుట్టిందో చెబుతాను. ఒకరోజు లంచ్ అయ్యాక తీసిన సీన్లో నాకు అక్కడ చురుక్కుమని నొప్పి లేచింది. డైలాగు మధ్యలో ఆపలేక చెయ్యి అదిమిపెట్టి చెప్పేశాను. మా డైరెక్టరు కుర్రవాడు, తణుకు వైపు వాడు, మానిటర్ ముందు నుంచి లేచి వచ్చాడు. "అదిరిపోయింది మామగారూ! ఆ చెయ్యి, ఆ ఆగడం... ఎక్కడ పట్టుకున్నారండీ దాన్ని?" అన్నాడు. నేను కాదనలేదు. ఇరవై ఏళ్లలో నన్ను మెచ్చుకోవడానికి ఒక డైరెక్టరు లేచి రావడం అదే మొదలు. "అక్కా, రాసుకోండి. మామగారికి కోపం వస్తే ఆ చెయ్యి ఉండాల్సిందే" అని చెప్పి వెళ్లాడు. అక్క రాసుకుంది.

నొప్పి అంతకుముందే ఉంది. అంతకు రెండేళ్ల ముందు ఒక క్లినిక్ లో నోట్లోంచి గొట్టం వేసి చూసి, కడుపులో చిన్న బొడిపె ఉందన్నారు. అందులోంచి చిటికెడు ముక్క తీసి పరీక్షకు పంపితే ఏమీ లేదని వచ్చింది. గ్యాస్ మాత్రలు రాసిచ్చారు. "మిర్చిబజ్జీలు మానమంటే మానరు" అని మా ఆవిడ తీర్పు చెప్పేసింది. మానేశాను. నొప్పి మానలేదు. తర్వాత్తర్వాత తిన్నది పైకి తన్నడం మొదలైంది. వేనిటీ వ్యాన్ వెనక్కి వెళ్లి వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, వక్కపొడి వేసుకుని వచ్చేవాణ్ణి. ఇంట్లో చెప్పలేదు. సెట్లో అసలే చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో అర్థం కావాలంటే మా వాళ్ల ఆచారం ఒకటి తెలియాలి. సీరియల్లో ఎవరైనా ఎక్కువ రోజులు రాకపోతే కథ వాళ్లకోసం ఆగదు. ఒక శుక్రవారం నాడు ఫోన్ మోగుతుంది, పెద్దకోడలు కెవ్వుమంటుంది, సోమవారానికి హాల్లో గోడ మీద ఆ మనిషి ఫొటో, దానికి దండ. అక్కడితో సరి. మా సీరియల్లోనే అంతకుముందు మా బావమరిది వేషం వేసినతను కాలు విరిగి ఆరు వారాలు మంచం మీద ఉంటే, అతను లేచి నడిచేసరికి ఫొటోకి దండ పడి ఉంది. నా ఫొటో కూడా స్టిల్ ఫొటోలు తీసేవాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటుందని నాకు తెలుసు. ఇరవై ఏళ్లకి దొరికిన గుమ్మంలోంచి కడుపునొప్పి కోసం బయటికి నడిచే ధైర్యం నాకు లేకపోయింది.

ఒకరోజు లంచ్ అయ్యాక మేడమెట్ల కింద నిలబడి ఉంటే అక్క వచ్చింది.

"అన్నా, జర గీ బుక్కు సూడు."

"నాకెందుకక్కా నీ రాతలు?"

"సూడమంటున్న గదా."

కళ్లద్దాలు నుదుటి మీంచి దించుకుని పేజీలు తిప్పింది. పేజీ పేజీలో ఎర్ర గీతలు. ప్రతి గీత పక్కనా ఒకటే మాట: మామ, ఎడమ చెయ్యి, పొట్ట మీద.

"టీవీల సూస్తే నీ చెయ్యి పొద్దుగాల సీన్ల ఉంటది, రాత్రి సీన్ల ఉంటది, యాడబడితే ఆడ ఉంటది. ఎవరికి డౌట్ రాదు. గానీ కోపం సీన్లు ఇడిశిపెట్టి, మిగిలినయి మనం తీసింది ఎప్పుడో సూడు. ఒక్కటన్న పొద్దుగాల తీసింది ఉన్నదా? అన్ని లంచ్ తర్వాత తీసినయే."

"డైరెక్టర్ గారు పెట్టించిన మేనరిజం అక్కా అది. నువ్వే కదా రాసుకున్నావు."

"మేనరిజమైతే కెమెరా నీ మీదున్నప్పుడు ఉండాలె. నిన్న చిన్నకోడలు క్లోజప్ తీస్తుంటే నువ్వు కెమెరా ఎనక నిలబడ్డవు. అప్పుడు గూడ చెయ్యి గాడనే ఉన్నది. ఎవరి కోసం జేసినవ్?"

ఆవిడ వదలలేదు. ఎనిమిది నెలల కిందటి పేజీలు తీసింది. అప్పట్లో లంచ్ అయ్యాక రెండో సీనుకో మూడో సీనుకో మొదలయ్యేదట, ఇప్పుడు మొదటి సీన్లోనే ఉంటోంది. తర్వాత ఫోన్ తీసి రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టింది. రెంటిలోనూ నేనే, ఒకటే గళ్ల చొక్కా. పోయిన దసరాకి తీసినదాంట్లో కాలరు మెడకి అతుక్కుని ఉంది. మొన్నటిదాంట్లో కాలరుకీ మెడకీ మధ్య రెండు వేళ్లు పడతాయి.

"ఎనక పిన్నులు కొట్టి కొట్టి కాస్ట్యూమర్ నీకు చొక్కా సరిజేస్తుండు. మొహం తెల్లవడ్డదని మేకప్ అన్న రంగు పెంచిండు. డైరెక్టర్ సారేమో నీ నొప్పిని సూసి యాక్టింగ్ అనుకుండు. గీళ్లందరు గలిసి నువ్వు మంచిగున్నవని టీవీల సూపిస్తున్నరు. బుక్కులనేమో నువ్వు మంచిగ లేవని ఉన్నది."

నాకు కోపం వచ్చింది. దొరికిపోయినవాడికి వచ్చే కోపం అది. "నీ పని నువ్వు చూసుకో అక్కా" అన్నాను.

"గిదే నా పని."

అప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. "సెలవు పెడితే దండ వేసేస్తారక్కా" అన్నాను. యాభై నాలుగేళ్లవాణ్ణి, మేడమెట్ల కింద నిలబడి ఏడుపు ఆపుకోవడం నాకే నామోషీగా ఉంది.

ఆవిడ పుస్తకం మూసింది. "సీరియల్ల దండేస్తే మళ్ల తీస్తరు. మనం ఎంత మందికి తీయలే? నిజంగ ఏస్తే ఎవ్వరు తీయరు." ఆ పైన బుజ్జగించలేదు, ధైర్యం చెప్పలేదు. "వదిన నెంబర్ ఇయ్యి" అని చెయ్యి చాపింది. ఇచ్చాను.

మూడో రోజున నేనూ మా ఆవిడా బంజారాహిల్స్ లో ఒక ఆసుపత్రికి వెళ్లేసరికి అక్క అప్పటికే అక్కడ కుర్చీలో కూర్చుని ఉంది, పుస్తకంతో సహా. డాక్టరు నెమ్మదైన మనిషి. నేను అలవాటుగా "కొంచెం గ్యాస్ అండీ" అని మొదలుపెట్టాను. అక్క మధ్యలో పుస్తకం బల్ల మీద పెట్టి, ఎర్ర గీతలేమిటో, నెలలేమిటో చెప్పింది. ఆయన చివరి దాకా పేజీలు తిప్పాడు. ఫొటోలు చూశాడు. నా కింది కనురెప్ప లాగి చూశాడు. "మలం నల్లగా వస్తోందా?" అని అడిగాడు. ఇద్దరు ఆడవాళ్ల ముందు ఎలా చెప్పాలా అని నసిగాను.

"సిగ్గేందన్నా, డాక్టర్ సార్ కాడ. చెప్పు" అంది అక్క.

వస్తోందన్నాను. మా ఆవిడ నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. అది కోపం కాదు. ఇన్నాళ్లూ పక్కనే ఉండి తనకి తెలియలేదన్న బాధ.

"ఇది రాసిందెవరు?" అన్నాడు డాక్టరు.

"నేనే సార్."

"మీరు నర్సా అమ్మా?"

"గాదు సార్. సీరియల్ల కంటిన్యుటీ."

ఆయన నవ్వలేదు. ఆ పేజీలు జిరాక్స్ తీయించి నా ఫైల్లో పెట్టుకున్నాడు. రక్తం బాగా తగ్గిపోయిందని పరీక్షలో తేలింది. మళ్లీ గొట్టం వేసి, ఈసారి లోపలి నుంచే స్కాన్ కూడా చేశారు. కడుపులోంచి అన్నం పేగులోకి దిగే దారి దగ్గర, పై పొర కింద రేగుపండంత గడ్డ ఉంది. దాని నడినెత్తిన పుండు, చుట్టూ వాపు, దారి సగానికి పైగా మూసుకుపోయి ఉంది. "ఏమిటో ఇప్పుడే చెప్పలేను. ఇలాంటివి పొర కింద ఉంటాయి. పైపైన ముక్క తీస్తే ఏమీ దొరకదు. ఆపరేషన్ చేసి తీసేసి, దాన్ని పరీక్షకు పంపాలి. ఇంకా ఆలస్యం చేస్తే గుక్కెడు నీళ్లు కూడా దిగవు" అన్నాడు. కాన్సర్ అన్న మాట ఆయన అనలేదు, మేమూ అడగలేదు. ఆ గదిలో మా ముగ్గురి మనసులోనూ అదే ఉంది.

మర్నాడు డైరెక్టరుకి ఆపరేషన్ సంగతి, ఆరు వారాల సెలవు సంగతి చెప్పాను. మంచి కుర్రాడే, బాధపడ్డాడు. కానీ ఛానెల్ వాళ్లతో మాట్లాడి వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. "ఆరు వారాలంటే కష్టమంటున్నారు మామగారూ" అన్నాడు. గోడ మీద ఖాళీ జాగా వైపు నా చూపు తనంతట తానే పోయింది.

అక్క కుర్చీలోంచి లేవకుండానే అంది: "ఒక్క పూట ఇయ్యిండ్రి సార్. ఆరు వారాల మామని తీసిపెడ్త."

ఆ పూట నేను చేసిన నటన నా జీవితంలో మరెప్పుడూ చేయలేదు. మామగారు కాశీకి వెళ్లాడని కథలో ఒక్క ముక్క కలిపారు. ఇక అక్కడి నుంచి ఆయన ఫోన్లు చేస్తూ ఉంటాడు. వెనక గదిలో ఒక బోసి గోడ ముందు నన్ను నిలబెట్టారు. ఏ కథకైనా అతికే మాటలు అక్క ముందే అరఠావు మీద రాసుకొచ్చింది. "ఆఁ, చెప్పమ్మా." "అలాగా? ఎప్పుడు?" "నువ్వేం కంగారు పడకు." "ఈ సంగతి మీ అత్తయ్యకి తెలుసా?" "వాణ్ణి మాత్రం నమ్మొద్దు." ఇలా పాతిక దాకా ఉన్నాయి. ఒక చొక్కాలో అన్నీ చెప్పాలి, చొక్కా మార్చి మళ్లీ అన్నీ చెప్పాలి. ఒకసారి కోపంగా, ఒకసారి సంతోషంగా, ఒకసారి దిగులుగా. ఆరు చొక్కాలు. నాలుగో చొక్కాకి నిలబడలేక గోడకి ఆనుకున్నాను. అక్క స్టూలు తెప్పించి, "నడుము దాక కనవడదు, కూసొనే చెప్పు" అంది. మధ్యలో గ్లూకోజ్ నీళ్లు చెంచాతో తాగించింది. అన్నం మాత్రం ముట్టనివ్వలేదు. ఆ రోజు పొద్దున్నుంచి ఖాళీ కడుపుతో ఉంచి చేయించింది, నా చెయ్యి ఎక్కడా పొట్ట మీదికి పోకుండా.

నేను ఆసుపత్రి మంచం మీద ఉన్న రోజుల్లో ఆ మాటలు ఎక్కడెక్కడ అతికించారో నాకు తర్వాత తెలిసింది. "వాణ్ణి మాత్రం నమ్మొద్దు" అన్నది నాలుగు ఎపిసోడ్లలో నలుగురి గురించి వాడారు. ఆ నలుగురిలో ఇద్దరు నిజంగానే దుర్మార్గులని తేలడంతో మామగారికి కాశీలో దివ్యదృష్టి వచ్చిందని జనం అనుకున్నారు.

ఆపరేషన్ అయింది. గడ్డనూ దాని చుట్టూ కొంత కడుపునూ తీసేశారు. రిపోర్టు వచ్చేదాకా గడిచిన వారం గురించి నేను రాయను. అది మా ఆవిడకి తెలుసు, నాకు తెలుసు. రిపోర్టు వచ్చిన రోజు అక్క అక్కడే ఉంది. డాక్టరు కాగితం పక్కన పెట్టి మామూలు మాటల్లో చెప్పాడు.

"కాన్సర్ కాదు. ఇది క్లోమం ముక్క. పాంక్రియాస్ అంటాం. అది ఉండాల్సింది కడుపు వెనక. మీరు తల్లి గర్భంలో ఉన్నప్పుడు, అవయవాలు ఏర్పడే రోజుల్లో, దాంట్లోంచి చిన్న తునక ఒకటి దారి తప్పి కడుపు గోడలో ఉండిపోయింది. చాలామందికి ఇలా ఉంటే ఉన్నట్టు కూడా తెలియదు, ఏ ఇబ్బందీ చేయదు. మీకు మాత్రం అక్కడే కూర్చుని తన పని తాను చేసుకుపోయింది. మీరు అన్నం తినగానే అది కూడా జీర్ణరసం ఊరించేది. ఆ రసం సరిగా పోయే దారి లేక అదే వాచింది, పుండు పడింది, రక్తం కారింది, దారి మూసుకుపోసాగింది. అందుకే భోజనం అయ్యాక నొప్పి."

అక్క బుగ్గన చెయ్యి పెట్టుకుని ఆలోచించి, "అంటే వాళ్ల అమ్మ కడుపులనే కంటిన్యుటీ తప్పిందన్నట్టు" అంది.

డాక్టరు ఈసారి నవ్వాడు. నవ్వితే కుట్లు లాగుతాయని నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మా ఆవిడ నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. అక్క ఆవిడ వీపు మీద చెయ్యి వేసి, బయటికి తీసుకెళ్లింది. కాంటీన్లో ఇద్దరూ ఇడ్లీ తిన్నారట.

నేను కృతజ్ఞత తెలిసినవాణ్ణే. కానీ అక్కకి ఆ మాట చెప్పడం ఎవరి తరం కాదు. ఫోన్లో మొదలుపెడితే "సరే సరే, మందులేసుకున్నవా?" అనేది. మా ఆవిడ చీర పట్టుకుని కృష్ణానగర్ లో వాళ్లింటికి వెళితే, చీర తీసుకుని, కాఫీ ఇచ్చి, మా ఆవిడ మాట ఎత్తేలోపు కుట్టు మిషను ఎక్కడ బాగు చేస్తారని అడిగిందట. ఇంటికి పిలిస్తే షూటింగ్ అనేది. మనిషికి మొహమాటమో, లేక చేసింది పెద్ద పనని అనిపించలేదో నాకు తెలియదు. నా లోపల మాత్రం ఆ మాట అరగకుండా ఉండిపోయింది.

ఏడో వారం సెట్ కి వెళ్లాను. గోడ మీద నా ఫొటో లేదు. గేటు దగ్గర డ్రైవర్లతో సహా అందరూ వచ్చి పలకరించారు. మా రచయిత యూనిట్లో ఏం జరిగినా కథలో పెట్టేసే రకం. కాశీలో మామగారికి జబ్బు చేసిందనీ, అందరికన్నా ముందు చిన్నకోడలు దాన్ని కనిపెట్టి, వెళ్లి వైద్యం చేయించి తీసుకొచ్చిందనీ రాశాడు. గుమ్మంలో నిలబడి మామగారు ఆ అమ్మాయితో మాట్లాడాలి. ఇద్దరినీ కలిపి ఒక షాటు తీశారు, ఆ అమ్మాయి క్లోజప్ తీశారు. ఆ పిల్లకి ఇంకో సీరియల్ కి వెళ్లాల్సిన వేళ అయి వెళ్లిపోయింది. నా క్లోజప్ మిగిలింది.

మా సీరియళ్లలో డైలాగులు కంఠతా పట్టే తీరిక ఎవరికీ ఉండదు. కెమెరా పక్కన ఒకరు నిలబడి ముక్క ముక్కగా అందిస్తారు, మేము వాళ్లనే ఎదుటి పాత్ర అనుకుని చూస్తూ చెబుతాం. గొంతు తర్వాత డబ్బింగ్ లో కలుపుతారు. ఆ రోజు అందించే కుర్రాడు రాలేదు. అక్క కాగితం తీసుకుని కెమెరా పక్కన నిలబడింది. ఆవిడ అందిస్తే కరెంటు మీటరు రీడింగ్ చదివినట్టుంటుంది. ఏడ్చే మాటయినా అంతే, తిట్టే మాటయినా అంతే.

"నొప్పి ఉందని," అంది అక్క.

"నొప్పి ఉందని," అన్నాను.

"అందరి దగ్గరా దాచుకున్నాను."

"అందరి దగ్గరా దాచుకున్నాను."

"నువ్వొక్కదానివే చూశావు."

"నువ్వొక్కదానివే చూశావు."

"నువ్వు చూడకపోతే, ఈ రోజు ఈ గుమ్మంలో నేను లేనమ్మా."

"నువ్వు చూడకపోతే, ఈ రోజు ఈ గుమ్మంలో నేను లేనక్కా."

"కట్ కట్!" అని డైరెక్టరు అరిచాడు. "మామగారూ, కోడల్ని పట్టుకుని అక్కా అంటారేంటండీ!" లైట్ల వాళ్ల నుంచి మేకప్ వాళ్ల దాకా అందరూ గొల్లున నవ్వారు. అక్క నవ్వలేదు. కాగితం మీంచి తలెత్తలేదు. "అమ్మా అనాలె" అంది.

రెండో టేక్ లో అమ్మా అన్నాను. "ఓకే! బాగుందండీ. లైట్లు మార్చండి, నెక్స్ట్" అన్నాడు డైరెక్టరు. నేను గుమ్మం దిగబోతున్నాను.

"ఇంకోటి తీద్దాం సార్" అంది అక్క.

డైరెక్టరు ఆశ్చర్యపోయాడు. "ఏం తప్పిందక్కా?"

"తీద్దాం సార్. ఒక్కటి."

ఆవిడ మాట కాదనే అలవాటు ఎవరికీ లేదు. నేను మళ్లీ గుమ్మంలో నిలబడ్డాను. అక్క ఈసారి కాగితం మడిచి కింద పెట్టింది. మీటరు రీడింగ్ లేదు. ఒక్కో మాటా నింపాదిగా అందించింది, ఒక్కోదాని తర్వాత నేను చెప్పేదాకా ఆగింది. చివరి మాటకి వచ్చేసరికి "నువ్వు చూడకపోతే, ఈ రోజు ఈ గుమ్మంలో నేను లేను" అని అక్కడ ఆపేసింది. అమ్మా అనేది అందించలేదు. నేనూ అంతవరకే అన్నాను. కెమెరా కాసేపు తిరుగుతూనే ఉంది. డైరెక్టరు కట్ చెప్పడం మరిచిపోయాడేమో.

"మంచిగొచ్చింది" అంది అక్క. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ నీళ్ల కోసం లోపలికి వెళ్లింది.

పుస్తకం కుర్చీలో తెరిచే ఉంది. ఆరిపోతున్న లైటు కింద వంగి చూశాను. సీను నెంబరు ఉంది, నా చొక్కా రంగు ఉంది, గుమ్మంలో ఏ కాలు ముందు పెట్టానో ఉంది. మొదటి టేక్ కి ఎదురుగా నీలం సిరాతో కొట్టేసి ఉంది, రెండో టేక్ కి ఎదురుగా ఓకే అని ఉంది. మూడో టేక్ తీసినట్టు ఆ పేజీలో ఎక్కడా లేదు.